ఇరవై నాలుగు చుక్కల వృత్తం

నవంబర్ 30, శుక్రవారం

నిన్న మూడువందల పన్నెండో కాష్ దొరికింది, ఎవరో దాచిన డబ్బాలు జీపీఎస్ పట్టుకుని వెతికే ఈ ఆటలో. హైవే మీద పెట్రోల్ బంకు వెనకాల, ఇనప స్తంభానికి అయస్కాంతంతో అంటించిన డబ్బా. లోపల తడిసి ముద్దయిన కాగితం. సంతకం పెట్టాను కానీ సిగ్గేసింది. ఇన్ని వెతికాను, నాదంటూ ఒక్కటీ దాచలేదు.

పైగా మస్కట్‌లో ఉండే జర్మన్ వాళ్లు ఆ ఆట సైట్‌లో రాస్తున్నారు, ఒమన్ లోపలి ఊళ్లలో బుర్ర పెట్టాల్సిన కాష్ ఒక్కటీ లేదట. అన్నీ బంకుల వెనకేనట. ఒళ్లు మండిపోయింది. తొమ్మిదో తరగతికి జామెట్రీ చెప్పే ఈ జువైనా ఇక్కడ బతికుండగానే ఆ మాట పడాలా?

పజిల్ కాష్ పెడతాను. నక్షత్రాలతో. అదీ మా ఊరి ఫలజ్ కాలువ మీద.

డిసెంబర్ 1, శనివారం

కాష్ పేజీ కోసం రాసుకున్నది ఇది: మా ఊరి తోటలకు కాలువ నీళ్లు వంతుల మీద పోతాయి. ఒక్కో తోటకు పదిహేను రోజులకోసారి వంతు. పగలు పాతిన కర్ర నీడ చూసి పంచుతారు, రాత్రి చుక్కలు చూసి. కాలువ మొదట్లో రాతి అరుగు ఉంది. నీళ్లు పంచే మనిషి అక్కడ కూర్చుని తూర్పు కొండకేసి చూస్తాడు. ఒక చుక్క కొండ దాటి పైకి రాగానే కేక వేస్తాడు. ఒక తోట మడవ మూస్తారు, తరవాతి తోట మడవ తీస్తారు. ఇంకో చుక్క వచ్చేదాకా నీళ్లు వాళ్లవి. ఏడాది పొడుగునా ఇలాంటి చుక్కలు ఇరవై నాలుగు.

పేజీలో రాయనిది: ఆ మనిషి మా పెదనాన్న ఖల్ఫాన్. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయనే. ఆ అరుగు తీసేస్తే ఆయనకి ఇంకేం మిగలదు. మా తమ్ముడు ముంధిర్ ఏమో ఆర్నెల్లుగా సబ్లాలో, ఊరి మగవాళ్లు కూడే చావిట్లో, అందరి ముందూ ఒకటే పాట, ఫోన్లో టైమర్ ఉండగా ఇంకా చుక్కలేంటి, తోటకో గంట పెట్టండి చాలు అని. ఇప్పటిదాకా ఎవరూ చెవిన పెట్టలేదు.

పర్మిషన్ అడగడానికి పొద్దున పెదనాన్న దగ్గరికి వెళ్లాను. అంతా విని, డబ్బా మీరే దాచి మీరే వెతుక్కుంటారా, ఏం పనీపాటా లేదా మీకు, అన్నాడు. నవ్వుతూనే ఇరవై నాలుగు పేర్లూ వరసగా చెప్పాడు. రాసుకున్నాను. మా జువైనా లెక్కల టీచరు కదా, ఎక్కడివాళ్లో ఆ జర్మనీ వాళ్లకి కూడా పాఠం చెబుతుంది అని పెద్దమ్మతో అన్నాడు.

డిసెంబర్ 2, ఆదివారం

స్టాఫ్‌రూమ్‌లో డిజైన్ అయిపోయింది. ఎంత సులువో.

వృత్తం. దాని మీద ఇరవై నాలుగు చుక్కలు. 360ని 24తో భాగిస్తే 15. చుక్కకీ చుక్కకీ పదిహేను డిగ్రీలు, అంటే సరిగ్గా గంట. పెదనాన్న అరుగు దగ్గర మొదలెట్టి వృత్తం మీద ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి నడుస్తూ పోవాలి. ఏడో చుక్క దగ్గర కాష్. మ్యాప్ మీద గీసి చూస్తే ఏడోది సరిగ్గా పాత కావలి బురుజు మొదట్లో పడింది. ఇంతకన్నా ఏం కావాలి!

డిసెంబర్ 4

గురువారం మా తోటకి వంతు వచ్చే రోజు. సాయంత్రం రోహిణి కొండెక్కగానే ఆ రాత్రి వంతులు మొదలవుతాయి. పబ్లిష్ చేసేముందు ఒక్కసారి స్టాప్‌వాచ్‌తో కొలిచి చూస్తే పోలా.

డిసెంబర్ 6, గురువారం, రాత్రి 9:30

మేడ మీద నుంచి ఇప్పుడే దిగాను. ఏదో తేడాగా ఉంది.

రోహిణి నుంచి మృగశిర దాకా 86 నిమిషాలు. మృగశిర నుంచి పునర్వసు జంట చుక్కల దాకా 80. అక్కడి నుంచి లుబ్ధకుడి దాకా 21.

ఇరవై ఒకటి! గంట ఉండాల్సిన చోట.

పెదనాన్న కేకలు కూడా వినిపించాయి. నేను నొక్కినప్పుడే ఆయనా కేకేశాడు, ఒక్క సెకను అటూ ఇటూ. అంటే ఆయన చూపు సరిగ్గానే ఉంది. స్టాప్‌వాచ్ సరిగ్గానే ఉంది. మరి తప్పెక్కడ? చుక్కల మధ్య దూరాలు సమానంగా ఉండవని తెలుసు, కానీ మరీ ఇంతా? నీళ్లు పంచడానికి ఇలాంటి చుక్కలు ఎవడు ఎంచుకుంటాడు?

మిగతా చుక్కలవి నెట్‌లో చూసి కొత్త కోణాలు వేశాను. 86 నిమిషాలకు ఇరవై ఒకటిన్నర డిగ్రీలు. 21 నిమిషాలకు అయిదుంబావు. ఏడో చుక్క బురుజు వదిలేసి ఎక్కడికో పోయింది. విసుగొచ్చి, ఎక్కడ పడిందో చూడకుండానే సైట్‌కి పంపేశాను. నిద్ర రావడం లేదు.

డిసెంబర్ 7, శుక్రవారం, మధ్యాహ్నం

భోజనాల దగ్గర నోరు జారాను. కాష్ గురించే చెప్పాను, ఒట్టు. అంకెలు చెప్పి, ఏంటో ముంధిర్ అర్థం కావట్లేదురా అన్నాను. వాడు అన్నం కలపడం ఆపేశాడు.

అక్కా, నిన్న ఆ ఎనభై ఆరు ఎవరి వంతు, అని అడిగాడు.

పొద్దు గూకాక మొదటి వంతు పెదనాన్న తోటది. రెండోది మసీదు తోటది. మూడోది మాది. ఎప్పుడూ ఇదే వరస.

అంటే ఆయన తోటకి ఎనభై ఆరు, నాన్న పెట్టిన నిమ్మతోటకి ఇరవై ఒకటి. ముప్పై ఎనిమిదేళ్ల నుంచీ ఇంతేనా అక్కా, అన్నాడు. చెయ్యి కడుక్కుని నమాజుకి వెళ్లిపోయాడు. ఆగరా, ఇంకోసారి కొలవనీ అనాల్సింది. అనలేదు. ఎందుకనలేదో ఇంతసేపూ ఆలోచిస్తున్నా. నా కొలత మీద నాకు అంత నమ్మకం, అంతే.

అదే రోజు, సాయంత్రం

సబ్లాలో ముంధిర్ నిలబడి అందరి ముందూ అంకెలు చదివాడట. నలభై మంది ఉన్నారట. పెదనాన్న ఒక్క మాటే అడిగాడట, ఎవరు కొలిచారు అని. మా అక్క అన్నాడట వీడు.

జువైనా కొలిస్తే కొలత సరిగ్గానే ఉంటుంది.

అంతే అన్నాడట పెదనాన్న. చేతికర్ర తీసుకుని లేచి వెళ్లిపోయాడట. ముందు పెట్టిన కాఫీ ముట్టలేదట. కాఫీ ముట్టకుండా పెదనాన్న సబ్లా నుంచి లేచి రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదట.

వచ్చే వంతు నుంచి గడియారమే. తోటకో గంట. ఫోన్ ముంధిర్ చేతిలో. గెలిచినవాడిలా వచ్చాడు, నా మొహం చూసి మెల్లగా తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఒక్క మాట ఎదురు చెప్పి ఉండొచ్చు కదా పెదనాన్న. ఎందుకు చెప్పలేదు? నిజంగానే తీసుకున్నాడా?

డిసెంబర్ 8

తీసుకోలేదు. తీసుకుంటే మాత్రం? అబ్బా, నాకేం తెలీదు.

డిసెంబర్ 10, సోమవారం

రివ్యూయర్ దగ్గర నుంచి మెయిల్. కాష్‌లు పాస్ చేసే వలంటీర్, ఏ దేశంలో ఉంటాడో కూడా తెలీదు. చాలా మర్యాదగా అడిగాడు, మీ ఫైనల్ పాయింట్ శాటిలైట్ మ్యాప్‌లో కాలువ మీద కట్టిన చిన్న కప్పు కింద పడుతోంది, అదేం కట్టడం, అక్కడికి అందరూ వెళ్లొచ్చా, అని.

చూశాను. ఆడవాళ్లు స్నానం చేసే గది.

జర్మనీ వాళ్లు జీపీఎస్ పట్టుకుని అందులోకి దూరడం కళ్ల ముందు కనబడింది. నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది. వెనక్కి తీసుకుంటున్నాను, పొరపాటయింది అని రాశాను.

డిసెంబర్ 12, బుధవారం

హల్వా పట్టుకుని పెదనాన్న ఇంటికి వెళ్లాను. గుమ్మంలో పెద్దమ్మ రయ్యా.

రావమ్మా లెక్కల టీచరూ, ఇవాళ ఏం కొలవడానికొచ్చావ్, మా గడపా, అంది.

కూర్చోబెట్టింది, ఖర్జూరాలు పెట్టింది, కాఫీ పోసింది, ఒక్కటీ తక్కువ చెయ్యలేదు. అదే ఇంకా బాధ. లోపలి గదిలో పెదనాన్న దగ్గు వినిపిస్తూనే ఉంది, మనిషి మాత్రం బయటికి రాలేదు. ఎలా ఉన్నాడు అని అడిగితే, పొద్దు గూకగానే అలవాటుగా చెప్పులు వేసుకుంటాడు, గుర్తొచ్చి మళ్లీ విప్పేస్తాడు, ఇంకేం కావాలి నీకు, అంది.

ఏమీ వద్దు పెద్దమ్మా అని వచ్చేశాను.

డిసెంబర్ 16

క్లాసులో బోర్డు మీద వృత్తం గీశాను. ఎందుకు గీశానో మర్చిపోయాను. ముప్పై మంది పిల్లలూ నోట్సులో గీసుకున్నారు పాపం.

డిసెంబర్ 19, బుధవారం

మా తోట చూసే షోఫిక్ నిమ్మ పాదులు సరిచేస్తున్నాడు. బంగ్లాదేశ్ నుంచి వచ్చి పదహారేళ్లయింది, మా మడవలు తీసేదీ మూసేదీ అతనే. నాన్న పోయాక ఆ తోటలో రాత్రిపూట అడుగు పెట్టిన మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు. ఆడదాన్ని, నేనెలాగూ పోను. ముంధిర్‌కి అయితే మంచు పడదట.

షోఫిక్ నా మీద కోపంగా ఉన్నాడు. పని ఆపకుండానే మాట్లాడాడు. మేడమ్, బాబా ఖల్ఫాన్ దొంగ అని ఊళ్లో అంటున్నారు, పోయిన నెల మన వంతుకి ఎన్ని నీళ్లొచ్చాయో తెలుసా, గట్టు తెగి పక్క మడిలోకి పోయాయి, మర్నాడంతా నేను మట్టి మోశాను. ఎక్కువిచ్చినవాడు దొంగెలా అవుతాడు?

పోయిన నెల ఏ చుక్క నుంచి ఏ చుక్కకి అని అడిగాను. మృగశిర నుంచి జంట చుక్కలకి, అన్నాడు ఠక్కున.

అది ఎనభై నిమిషాలు. మొన్నటి వంతులో మసీదు తోటకి వచ్చింది అది. మాది మూడో వంతే కదా, మరి పోయిన నెల మాకెలా వచ్చింది? ఎవరు మార్చారు షోఫిక్ అన్నాను. పార భుజాన పెట్టుకుని, వేలు పైకి చూపించి వెళ్లిపోయాడు. దేవుడి మీదకి నెట్టేశాడనుకున్నాను.

పెదనాన్న తన ఇష్టమొచ్చినట్టు మారుస్తాడా? అయితే అది ఇంకా ఘోరం కదా.

డిసెంబర్ 21, శుక్రవారం, రాత్రి 8:10

మళ్లీ ఆ మూడు తోటల వంతు. కింద కాలువ దగ్గర ముంధిర్ ఫోన్‌తో ఉన్నాడు. నేను మేడ మీద. చీకటి పడగానే రోహిణి కోసం చూశా.

రోహిణి ఎక్కడుంది? అప్పటికే కొండ మీద ఇంతెత్తున ఉంది! చీకటి పడకముందే దాటేసింది. చీకటి పడ్డాక మొదట కొండ దాటింది మృగశిర.

ఓసి నా మతి మండా.

చుక్కలు రోజుకి నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి. ఇది నేను పిల్లలకి పాఠం చెబుతాను. పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చాను. పదిహేను రోజులకి పదిహేను నాలుగులు అరవై. గంట. వంతు తిరిగొచ్చేసరికి ఆకాశం ఒక చుక్క ముందుకి జరిగిపోతుంది. మొదటి వంతు పెదనాన్నదే, రెండోది మసీదుదే, మూడోది మాదే. ఎవరూ ఏదీ మార్చలేదు, చుక్కలే మారతాయి. షోఫిక్ వేలు చూపించింది చుక్కలకేసి!

లెక్క వేశాను. మా తోటకి నవంబర్‌లో 80 నిమిషాలు. డిసెంబర్ 6న 21. ఇవాళ చుక్కల ప్రకారమైతే లుబ్ధకుడి నుంచి పుష్యమికి, దాదాపు యాభై. అలా ఏడాదికి ఇరవై నాలుగు వంతులు, ఇరవై నాలుగు చుక్కలు. ప్రతి తోటకీ ప్రతి చుక్కా ఒకసారి వస్తుంది. పెద్దదీ, చిన్నదీ, అన్నీ. ఏడాది తిరిగేసరికి అందరికీ నిమిషం తేడా లేకుండా ఒకటే.

ఆ ఇరవై ఒక్క నిమిషాలది ఇవాళ మసీదు తోటకి రావాలి. జనవరి 5న వచ్చేది పెదనాన్న తోటకే.

ముప్పై ఎనిమిదేళ్ల మనిషిని ఒక్క రాత్రి కొలతతో దొంగని చేశాను.

డిసెంబర్ 22, శనివారం

ముంధిర్‌ని కూర్చోబెట్టి కాగితం మీద గీసి చూపించాను. తెలివిగలవాడే, సగంలోనే అర్థమయింది. ముఖం ఎర్రబడింది. కానీ ఒప్పుకుంటాడా?

సరే అక్కా, ఏడాదికి సమానం, మరి నిమ్మచెట్టు ఏడాదికోసారి తాగుతుందా, ఇరవై ఒక్క నిమిషాలొచ్చిన పదిహేను రోజులూ అది ఎండాల్సిందేనా, అన్నాడు. గడియారం చెడ్డదని నేనూ అనలేను.

గడియారం సంగతి తరవాతరా, పెదనాన్న దొంగ కాదని సబ్లాలో చెప్పు, అన్నాను. కొలిచింది నువ్వు, నువ్వే చెప్పుకో, అన్నాడు. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. పక్కింటివాళ్లు కిటికీ వేసుకున్నారు.

డిసెంబర్ 23, ఆదివారం

స్కూలు నుంచి నేరుగా పెదనాన్న ఇంటికి. ఈసారి పెద్దమ్మ ఏమీ అనకుండా లోపలి గది తలుపు తీసింది.

పదిహేను నాలుగులు అరవై, అన్నాను. అంతే.

ఇన్నాళ్లు పట్టిందా, రెండు మూడు రోజుల్లో వస్తావనుకున్నా, అన్నాడు పెదనాన్న.

భోరున ఏడ్చేశాను. సబ్లాలో ఆ మాట నువ్వే ఎందుకు చెప్పలేదు పెదనాన్నా అన్నాను. ఏమని చెప్పనే? మా పిల్ల లెక్క తప్పు అని నలభై మంది మగాళ్ల ముందు చెప్పనా? ఊళ్లో ఆడపిల్లలంతా నీ దగ్గర లెక్కలు నేర్చుకుంటున్నారు. ఆ రోజు నేను నోరు తెరిస్తే రేపటి నుంచి ప్రతి ఇంట్లో తండ్రీ, నీ టీచరుకే లెక్క రాదంట అనేవాడు. నాదేముంది, ముసలాణ్ణి, అన్నాడు.

మళ్లీ అరుగెక్కు పెదనాన్నా అని బతిమాలాను. పిలవకుండా ఎలా ఎక్కుతా, దించిన వాళ్లు పిలవాలిగా, అన్నాడు.

డిసెంబర్ 28, శుక్రవారం

సబ్లాలోకి వెళ్లాను. ఆడది ఆ గడప దాటడం నాకు తెలిసి ఇదే మొదలు. స్కూలు నుంచి పెద్ద చార్టూ, బోర్డు మీద గీసే చెక్క వృత్తలేఖినీ తెచ్చుకున్నాను. ఎవరో దారి తప్పిందనుకుని, అమ్మా ఆడవాళ్ల వైపు అటు, అన్నారు.

తెలుసు, అన్నాను.

నేల మీద చార్టు పరిచి వృత్తం గీశాను. ఇరవై నాలుగు చుక్కలు పెట్టాను, ఎగుడుదిగుడు దూరాల్లో, ఆకాశంలో ఉన్నట్టే. ఏ చుక్క నుంచి బయల్దేరినా ఇరవై నాలుగు అడుగులు వేస్తే మొదలెట్టిన చోటికే వస్తామని చేత్తో చూపించాను. నా కొలత సరైనదే, నేను చెప్పిన అర్థం తప్పు, మా పెదనాన్న ఒక్క నిమిషం కూడా దొంగిలించలేదు, తప్పు నాది, అన్నాను. తొమ్మిదో తరగతి లెక్క తప్పానని కూడా అన్నాను.

ముంధిర్ లేచాడు. తప్పు నాది కూడా, అన్నాడు. వాడంటాడని అనుకోలేదు.

పెద్దవాళ్లంతా తలలూపారు. సాయంత్రం పదిమంది పెదనాన్న ఇంటికి వెళ్లి క్షమించమన్నారు, ఆయన అందరికీ కాఫీ పోయించాడు. అప్పటిదాకా బాగానే ఉంది. మళ్లీ అరుగు సంగతి రాగానే ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారట. ఖల్ఫాన్, నీ మీద మాకేం లేదు, కానీ గడియారం సుఖంగా ఉంది, చలిలో ఎవడూ మెలకువగా ఉండక్కర్లేదు, అన్నారట. ఆయన సరే అన్నాడట.

సరే ఏంటి సరే! దొంగ కాదన్నారు, పని మాత్రం ఇవ్వరట. ఇప్పుడు ఎవరి మీద అరవాలో కూడా తెలీడం లేదు.

జనవరి 3, గురువారం

పజిల్ మళ్లీ చేశాను. అరుగు దగ్గర మొదలు. ఏదో ఒక తోట ఎంచుకోండి. ఏడాది పొడుగునా దాని వంతులు లెక్కగట్టండి. ఒక్కో వంతుకి ఎన్ని నిమిషాలో అన్ని పావు డిగ్రీలు వృత్తం మీద జరగండి. చివరికి ఎక్కడికి చేరతారో అక్కడే కాష్.

రివ్యూయర్ మెయిల్ వచ్చింది, మొదలుకీ చివరికీ పొరపాటున ఒకే కోఆర్డినేట్లు ఇచ్చారు, సరిచూసుకోండి, అని. పొరపాటు కాదు, గీసి చూడండి అని జవాబిచ్చాను. నాలుగు గంటల తరవాత ఇంకోటి వచ్చింది. మూడు తోటలకి గీశాడట. ఓకే, అన్నాడు.

డబ్బా అరుగు కింద పెట్టొచ్చా అని అడిగితే పెదనాన్న, ఇప్పుడక్కడ ఎవరూ కూర్చోవడం లేదుగా, పెట్టుకో, అన్నాడు.

జనవరి 5, శనివారం

పెదనాన్న వంతు. ఈసారి నేను మేడ మీద కాదు, కాలువ దగ్గరే నిలబడ్డాను. ఫోన్లో ఆయనకి గంట పెట్టారు. పునర్వసు కొండ దాటగానే ఆయనే వచ్చి తన మడవ తీశాడు. ఇరవై ఒక్క నిమిషాలకి లుబ్ధకుడు పైకొచ్చాడు. పెదనాన్న వంగి మడవ మూసేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఫోన్ ప్రకారం ఆయన గంటలో ఇంకా ముప్పై తొమ్మిది నిమిషాలున్నాయి. మసీదు తోట వాళ్లు మడవ మీద చెయ్యి వేసి ముంధిర్‌కేసి చూశారు. ముంధిర్ ఫోన్‌కేసి చూశాడు. ఎవరూ తీయలేదు. నీళ్లు మా అందరి ముందు నుంచే వాగులోకి పోయాయి.